పొగపన్ను: ఎవరి ఊపిరి, ఎవరి జేబు

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రికార్డు చేసినదాన్ని విని రాసుకొని, కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)



అన్నం తిన్నాక మాట్లాడమన్నారు నన్ను. నిద్రొస్తే గోడకి ఆనుకొని కాసేపు కునుకు తీయండి, నేనేమీ అనుకోను. పొద్దున ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నువ్వు లండన్ సంగతి చెప్తావంట. మన పేటలో మురుగుకాలవ సంగతే తేలలా. లండన్లో కార్ల మీద పన్నేస్తే మనకేంది?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఇప్పుడే చెప్పను. మొత్తం విన్నాక నీకు ఏం తోచిందో నువ్వే చెబుదువు గాని.

ఒక పిల్లతో మొదలుపెడతా. ఆ పిల్ల పేరు ఎల్లా. ఇంటిపేరుతో కలిపి ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా. ఆఫ్రికాలో ఘనా దేశం మూలాలున్న నల్లవాళ్ళ కుటుంబం. లండన్లో దక్షిణం వైపు లూయిషామ్ అనే పేటలో కాపురం. తల్లి రోసమండ్, టీచరు. వాళ్ళ ఇంటి పక్కనే సౌత్ సర్క్యులర్ అని పెద్ద రోడ్డు. ఎంత దూరం? మూడు లారీలు వరసన నిలబెడితే ఎంతో అంత. పగలూ రాత్రీ బండ్లే. ఆటల్లో, పాటల్లో చురుకైన పిల్లకి 2010లో ఉబ్బసం పట్టుకుంది. మూడేళ్ళలో ఇరవైకి పైగా సార్లు ఆస్పత్రిలో చేర్చారు. 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. తొమ్మిదేళ్ళు.

ఎందుకు చనిపోయింది? 2014లో మొదటి విచారణలో ఊపిరి ఆడక చనిపోయిందని తేల్చారు. ఊపిరి ఎందుకు ఆడలేదని ఎవరూ అడగలా. తల్లి అడిగింది. ఒక పెద్ద డాక్టరు, ప్రొఫెసర్ స్టీఫెన్ హోల్గేట్, ఆ పిల్ల ఆస్పత్రికి పోయిన తారీకులు ఒక పక్కన పెట్టుకొని, దగ్గర్లోని గాలి కొలిచే యంత్రాల లెక్కలు ఇంకో పక్కన పెట్టుకొని సరిచూశాడు. పొగ పెరగటానికీ, పిల్లకి ఆయాసం రావటానికీ సంబంధం కనపడింది. 2019లో హైకోర్టు పాత తీర్పు కొట్టేసింది. 2020 డిసెంబరులో రెండోసారి విచారణ. అక్కడ కరోనర్ అంటారు, చావుకి కారణం తేల్చే అధికారి. ఆయన ఆ పిల్ల చావు కారణాల్లో గాలి కాలుష్యం అని రాశాడు. బ్రిటన్ దేశంలో ఒక మనిషి చావుకి ఈ మాట అధికారికంగా కాయితం మీదకెక్కటం అదే మొదటిసారి. ఆ రోడ్డు పొగ సంగతి తల్లికి ఎవరన్నా ముందే చెప్పుంటే ఆమె ఏదో ఒకటి చేసుండేదని కూడా అన్నాడు. చెప్పలేదు ఎవరూ. వాళ్ళకి ఏడేళ్ళు పట్టింది ఆ ఒక్క మాట రాయించటానికి.

క్వారీలో రాయి కొట్టీ కొట్టీ ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరి పోయినోడికి మన దగ్గర టీబీ అని రాసి చేతులు దులుపుకుంటారే, అది గుర్తు పెట్టుకోండి ఈ ముక్క వినేటప్పుడు.

సరే, ఇప్పుడు పన్ను సంగతికొద్దాం.

మన సంతలో ఆశీలు తెలుసు గదా. బండి తెచ్చి లోపల పెట్టావు, స్థలం తిన్నావు, కాబట్టి కట్టు. లండన్ వాళ్ళు మొదట పెట్టింది అట్లాంటిదే. 2003 ఫిబ్రవరి 17న, కెన్ లివింగ్‌స్టన్ మేయరుగా ఉన్నప్పుడు, ఊరి నడిబొడ్డులోకి పనిదినాల్లో పగలు కారేసుకొని వస్తే రోజుకి 5 పౌండ్లు అన్నారు. గేటు లేదు, రసీదు పుస్తకం లేదు. స్తంభాల మీద కెమెరాలు నెంబరు ప్లేటు చదువుతాయి, కట్టకపోతే ఇంటికి జరిమానా కాయితం వస్తుంది. అది రద్దీ పన్ను. పొగతో దానికి పని లేదు. లోపలికొచ్చే బండ్లు 18 శాతం తగ్గాయి. రోడ్ల మీద ఆగిపోయే ఆలస్యం మొదట్లో 30 శాతం దాకా తగ్గింది. పన్ను మొదలైన రోజునే అదనంగా 300 దాకా సిటీ బస్సులు దింపారు, వచ్చిన డబ్బులో ఖర్చులు పోను మిగిలింది రవాణాకే, అందులో ఎక్కువ బస్సులకే పెట్టారు. ఈ బస్సుల మాట మళ్ళీ ఎత్తుకుంటా.

నాలుగైదేళ్ళు గడిచేసరికి రద్దీ మళ్ళీ మొదటికొచ్చింది. పన్ను పనిచెయ్యలేదు చూశారా అన్నారు పన్ను గిట్టనివాళ్ళు. నిజానికి లోపలికొచ్చే బండ్ల సంఖ్య పెరగలా. నీళ్ళ గొట్టాల కోసం రోడ్లు తవ్వారు, బస్సులకీ, నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ రోడ్డులో కొంత జాగా ఇచ్చారు. ఆ తర్వాత ఫోన్లో పిలిస్తే వచ్చే కిరాయి కార్లు వేలకొద్దీ దిగాయి. వాటికి 2019 ఏప్రిల్ దాకా ఈ పన్నే లేదు. ఇంకో ముచ్చట. 2007లో ఈ పన్నుని పడమటి వైపు కెన్సింగ్టన్, చెల్సీ అనే షావుకార్ల పేటలకి కూడా పెంచారు. తర్వాత మేయరైన బోరిస్ జాన్సన్ వచ్చి 2011 జనవరికల్లా ఆ పేటల్ని తప్పించేశాడు. పెద్దోళ్ళ పేట గదా, నాలుగేళ్ళు కూడా ఓర్చుకోలేదు.

పొగపన్ను వేరే. పొగపన్నులో చూసేది బండి స్థలం తింటుందా లేదా అని కాదు, వెనక గొట్టంలోంచి ఏం వదులుతుందీ అని. 2008లో లారీలతో మొదలుపెట్టారు. 2019 ఏప్రిల్ 8న నడిబొడ్డులో అన్ని రకాల బండ్లకీ పెట్టారు. పెట్రోలు బండి 2006కి ముందుదైనా, డీజిలు బండి 2015కి ముందుదైనా దాదాపుగా కట్టాల్సిందే. రోజుకి 12.50 పౌండ్లు, రాత్రీ పగలూ. మన డబ్బుల్లో పదమూడు వందల పైమాట. కొత్త బండైతే ఒక్క పైసా లేదు.

ఇక్కడొక మోసం ఉంది, వినండి. 2001 నించి అక్కడి ప్రభుత్వం భూగోళం వేడెక్కకుండా అని చెప్పి, తక్కువ కార్బన్ వదిలే బండ్లకి పన్ను తగ్గించింది. ఆ లెక్కలో డీజిలు కార్లకి లాభం. జనం ఎగబడి డీజిలు కొన్నారు. డీజిలు బండి నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువునీ, మసినీ ఎక్కువ వదులుతుంది. ఊపిరితిత్తులకి అదే శత్రువు. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షలప్పుడు మాత్రం తక్కువ పొగ చూపించేట్టు బండ్లలో దొంగ ఏర్పాటు చేసిందని బయటపడింది. కంపెనీ దొంగతనం చేసింది, సర్కారు కొనమని ప్రోత్సహించింది. ఆ బండ్లే పాతపడి చేతులు మారి చివరకి ఎవరి దగ్గర తేలతాయి? సెకండ్ హ్యాండ్ కొనుక్కునేవాడి దగ్గర. తాపీ పనోడి దగ్గర, గొట్టాలు బాగుచేసేవాడి దగ్గర, అర్ధరాత్రి ఆఫీసులు ఊడ్చటానికి పోయే మనిషి దగ్గర. కట్టమనేది వాళ్ళని. కోటి రూపాయల కొత్త కారులో పోయేవాడికి ఫ్రీ. ఇది అన్యాయమా కాదా? అన్యాయమే. పొగపన్ను మంచిదని చెప్పేవాళ్ళు ఈ ముక్క మింగేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

మరి దాన్ని తీసెయ్యాలా? అక్కడే ఆగి ఆలోచించాలి. ఎందుకంటే, పేదోడు చచ్చిపోతాడు ఈ పన్నుతో అని అక్కడ గొంతు చించుకున్నవాళ్ళందరూ పేదోళ్ళు కాదు. లండన్లో 2021 జనాభా లెక్కల ప్రకారం నూటికి 42 ఇళ్ళకి కారే లేదు. ఎవరికి లేదో వేరే చెప్పాలా? కారు లేనోడు బస్సెక్కుతాడు, నడుస్తాడు, పెద్ద రోడ్డు పక్కన అద్దె తక్కువ కాబట్టి అక్కడే ఉంటాడు. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. పేదల బస్తీల్లోనూ, నల్లవాళ్ళూ ఆసియావాళ్ళూ ఎక్కువున్న పేటల్లోనూ గాలి ఎక్కువ పాడైందని అక్కడి నగరపాలన లెక్కలే చెప్పాయి. పొగ తాగేవాడికి కారు లేదు. కారున్నవాడు మాత్రం పాత వ్యానున్న పేదోణ్ణి ముందర నిలబెట్టి, వాడి వెనక దాక్కొని మాట్లాడాడు. ఈ ఎత్తు మనకి కొత్త గాదు. భూసంస్కరణలప్పుడు వందలెకరాలోడు చిన్న రైతు పేరు ఎత్తి ఏడవలేదూ?

2021 అక్టోబరులో పొగపన్ను గీతని నడిబొడ్డు నించి బయటికి జరిపారు. ఎంతవరకు? నార్త్ సర్క్యులర్, సౌత్ సర్క్యులర్ రోడ్ల వరకు. ఆ రోడ్ల వరకే, ఆ రోడ్ల మీద కాదు. అంటే ఎల్లా ఇంటి పక్కనున్న రోడ్డు గీతకి బయటే ఉండిపోయింది. పిల్ల చచ్చిపోయి ఎనిమిదేళ్ళు, కారణం కాయితం మీదకెక్కి పది నెలలు. ఆ రోడ్డు మీద పాత డీజిలు బండి ఎంతసేపు తిరిగినా పన్ను లేదు. గీత ఎక్కడ గీస్తారో అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు బయట పడతారు. మన పల్లెలకి ఇది ఒకరు చెప్పాలా, ఊరికీ వాడకీ మధ్య గీత దగ్గరే పుట్టినవాళ్ళం గదా.

చివరికి 2023 ఆగస్టు 29న మొత్తం లండన్ అంతటికీ పెట్టారు. అప్పుడు మేయరు సాదిక్ ఖాన్. పాకిస్తాన్ నించి వలస వచ్చిన బస్సు డ్రైవరు కొడుకు. పెద్దయ్యాక తనకీ ఉబ్బసం వచ్చిందని చెప్పుకున్నాడు. గొడవ మామూలుగా జరగలా. కెమెరాల తీగలు కోశారు, స్తంభాలు నరికారు. అయిదు కౌన్సిళ్ళు హైకోర్టుకెళ్ళి 2023 జూలైలో ఓడిపోయాయి. అదే నెల్లో అక్స్‌బ్రిడ్జ్ అనే చోట ఉప ఎన్నికొస్తే, పొగపన్నునే అస్త్రం చేసుకొని కన్జర్వేటివ్ పార్టీ 495 ఓట్లతో గెలిచింది. వెంటనే ఖాన్ సొంత పార్టీ నాయకుడే నువ్వు మళ్ళీ ఆలోచించుకో అన్నాడు. తమాషా ఏందంటే, ఈ పొగపన్ను ఆలోచన 2013లో ముందు ప్రకటించింది ఆ కన్జర్వేటివ్ పార్టీ మేయరు బోరిస్ జాన్సనే. ఉప ఎన్నిక జరిగిందీ ఆయన ఖాళీ చేసిన సీటుకే. పార్టీల సంగతి అట్లా ఉంటది, ఏ దేశమైనా.

ఖాన్ వెనక్కి పోలేదు. 2024 మేలో మూడోసారి గెలిచాడు కూడా. కానీ గొడవ వల్ల ఒక మేలు జరిగింది, అది చెప్పి తీరాలి. పాత బండి తుక్కుకిస్తే డబ్బిచ్చే పథకం ఉండేది, 2024లో మూసేశారు. కారుకి 2,000 పౌండ్ల దాకా. మొదట 110 మిలియన్ పౌండ్లు కేటాయించి, సంక్షేమ సాయం పొందే పేదలకీ, వికలాంగులకీ, చిన్న వ్యాపారాలకీ అన్నారు. అప్పుడు కూడా నెలకి చాలీచాలని జీతం తెచ్చుకుంటూ ఏ సాయమూ లేనివాడు మధ్యలో ఇరుక్కున్నాడు. జనం నిలదీశాక డబ్బు 160 మిలియన్లకి పెంచి, అమలుకి వారం ముందు లండన్లో ఉండే అందరికీ వర్తింపజేశారు. అంటే ఏంది? పన్ను పుట్టిన రోజునే ఇవ్వాల్సిన డబ్బు, అరిస్తే గాని రాలేదు.

ఇక ఫలితం. గాలి మారిందా? మారింది. 2025 మార్చిలో నగరపాలన లెక్క తీసింది. పొగపన్ను లేకపోతే ఎంత ఉండేదో దానికంటే రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ లండన్ మొత్తం మీద 27 శాతం తక్కువుంది, నడిబొడ్డులో సగానికి పైగా తగ్గింది. నూటికి 96 బండ్ల పైన నిబంధనకి సరిపోయేవే తిరుగుతున్నాయి.

మరి ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2021లో వేరే మాట చెప్పారే? పొగపన్ను మొదలైన వారాల్లో గాలి మూడు శాతం కూడా తగ్గలేదని వాళ్ళ పరిశోధన. దీన్ని పట్టుకొని చాలామంది ఊగారు. రెండు లెక్కలూ అబద్ధం కాదు. వాళ్ళు చూసింది 2019 ఏప్రిల్‌కి అటూ ఇటూ కొన్ని వారాలు. పన్ను వస్తుందని రెండేళ్ళ ముందే తెలిసి జనం బండ్లు మార్చుకుంటూ వచ్చారు. కరువు పనుల లెక్క మొదటి వారంలో అడిగితే ఏం కనపడుద్ది? కానీ వాళ్ళ మాటలో ఒక సత్యం ఉంది. పొగపన్ను ఒక్కదానితోనే గాలి బాగుపడదు, బస్సులు మారాలి, టాక్సీలు మారాలి, పన్నెండు పనులు కలిసి జరగాలి అని. అది నిజం.

ఇంకో సంగతి. పొగపన్ను వల్ల బండ్ల సంఖ్య పెద్దగా తగ్గలా. పాత బండి పోయి కొత్త బండి వచ్చింది, రోడ్డు నిండుగానే ఉంది. కొత్త బండికీ టైర్లు అరుగుతాయి, బ్రేకులు అరుగుతాయి. ఆ సన్నటి దుమ్ము గాల్లోనే తిరుగుద్ది, కరెంటు కారైనా అంతే. ఇటలీలో మిలాన్ అనే ఊరు ఈ పాఠం త్వరగా నేర్చుకుంది. 2008లో పొగని బట్టి రుసుము పెట్టారు. జనం బండ్లు మార్చారు, చాలా బండ్లకి రుసుము లేకుండా పోయింది, ట్రాఫిక్ మళ్ళీ పెరిగింది. 2011లో జనాన్ని ఓటడిగితే నూటికి దాదాపు 80 మంది, సరే పెంచండి, రుసుము అందరికీ వెయ్యండి అన్నారు. 2012 జనవరి నించి లోపలికొచ్చే కార్లకి రోజుకి 5 యూరోలు పెట్టారు. ట్రాఫిక్ మూడోవంతు దాకా తగ్గింది. స్వీడన్లో స్టాక్‌హోమ్ వాళ్ళు ఇంకా తెలివిగా చేశారు. 2006లో ఏడు నెలలు పెట్టి చూపించి, ఆ తర్వాత ఓటుకెళ్ళారు. ముందర వద్దన్న ఊరే తర్వాత ఉంచమంది. ట్రాఫిక్ అయిదోవంతు తగ్గింది, చిన్న పిల్లలు ఉబ్బసంతో ఆస్పత్రికి పరిగెత్తటం కొన్నేళ్ళలో దాదాపు సగానికి పడిందని పరిశోధకులు తేల్చారు. ఎల్లా లాంటి పిల్లలు, ఎవరి పిల్లలో తెలియదు గాని, బతికి బడికి పోతున్నారు.

(ఇక్కడ ఒక అక్క లేచి, "పన్ను కట్టినోడు పొగ వదులుకోవచ్చా అయితే? డబ్బున్నోడికి అది లైసెన్సు గాదా?" అని అడిగింది.)

అక్క సరిగ్గా పట్టుకుంది. అవును, అట్లాగే ఉంది అది. 12.50 పౌండ్లు బ్యాంకరుకి టీ నీళ్ళ ఖర్చు, ఊడ్చే మనిషికి దాదాపు గంట కూలి. రెండు జేబులకీ ఒకటే రేటు. అందుకే డబ్బు ఎటు పోతుందో చూడమంటున్నా. లండన్లో అది చట్ట ప్రకారం రవాణాకే పోవాలి. బస్సెక్కే మనిషికి తిరిగొస్తే కొంత న్యాయం. ఖజానాలో పడి ఊరుకుంటే, అక్కా, నువ్వన్నదే నిజం, అది లైసెన్సే.

మన దేశంలో ఇది లేదనుకోబాకండి. ఢిల్లీలో ఉంది. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, నవంబరు నించి ఢిల్లీలోకి వచ్చే సరుకు బండ్ల మీద పర్యావరణ పరిహారం అని వసూలు మొదలైంది. చిన్న బండికి 700, పెద్ద లారీకి 1,300. డిసెంబరులోనే రెట్టింపు చేశారు, 1,400, 2,600. ఢిల్లీలో పనిలేని లారీలు ఊరి మధ్యనించి దూరిపోకుండా చుట్టూ తిరిగి పోవాలని దాని ఉద్దేశం. చుట్టూ పోయే రోడ్లు పూర్తయింది 2018లో. ముందు పన్ను, తర్వాత దారి. వసూలైన డబ్బులో చాలా భాగం ఏళ్ళ తరబడి ఖర్చు పెట్టకుండా మూలిగిందని పత్రికలు రాశాయి. బయటినించి వచ్చే సొంత కారోడికి ఈ పరిహారం లేదు. వాడి కారు పొగ పొగ కాదు కాబోలు.

మా పెద్దమ్మ కొడుకు చీమకుర్తి గ్రానైటు లోడు మీద క్లీనరుగా పోయేవాడు ఆ రోజుల్లో. పగలు ఊళ్ళోకి రానివ్వరు, చీకటి పడిందాకా సరిహద్దులో ఆపుతారు. వందల లారీలు, సగం ఇంజన్లు ఆపరు, చలికాలం. ఆ పొగలోనే వండుకొని తిని ఆ పొగలోనే పడుకునేవాళ్ళం అన్నాడు. తెల్లారి ఉమ్మితే నల్లగా పడేదంట. పరిహారం ఢిల్లీ గాలికి కట్టారు. ఢిల్లీ గీత బయట పడుకున్న క్లీనరు ఊపిరి ఏ లెక్కలోకీ రాలేదు.

మన రాష్ట్రాల్లో గ్రీన్ టాక్సు అని ఒకటుంది, పాత బండ్ల మీద. బండి వయసు చూసి తీసుకునేది అది. ఊళ్ళోకి వచ్చావా లేదా, ఎవరి ఇంటి పక్కన పొగ వదిలావు అన్నది దానికి పట్టదు. రేపు హైదరాబాదులోనో విజయవాడలోనో లండన్ లాంటి గీత గీద్దామని ఎవరన్నా అంటే, మొదటి రోజునే నాలుగు మాటలు అడగాలి మనం. పాత ఆటోవాడికి బండి మార్చుకోటానికి ఎంతిస్తారు, ముందా తర్వాతా? బస్సులు ఎన్ని పెంచుతారు, మన బస్తీకి వస్తాయా? పెద్ద కొత్త కారుకి ఎంత? గీతకి ఆనుకొని బయట మిగిలేది ఎవరి పేట? పన్ను వద్దని పెద్దకార్లోళ్ళు ఊరేగింపు తీస్తే మనల్ని ముందర నడవమంటారు, చెప్పులు కొనిస్తామంటారు. పోబాకండి. పన్ను మంచిదే కట్టండి అని అధికారి వస్తే వెంటనే తలూపబాకండి కూడా.

చీపురు పట్టుకొని తెల్లవారుజామున నాలుగింటికి మెయిన్ రోడ్డు ఊడ్చే అక్కలు ఇద్దరు ఈ శిబిరానికి వచ్చారు. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్నారు. పొగ గురించి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. నేను దిగుతా. అక్కా, మైకు దగ్గరకి రా.